తొట్టి ముక్కు మీద బరువు

మా అయ్య బరువు సర్దిన బండి కాడిని చిటికెన వేలితో లేపొచ్చని మా ఊళ్ళో అనేవారు. అది ఊరికే పొగడ్త కాదు. నేను చాలాసార్లు లేపి చూశాను. పన్నెండు బస్తాల ధాన్యం వేసిన బండి, ఎడ్లను కట్టకముందు, కాడి కింద వేలు పెడితే లేచి వచ్చేది.

రెండు చక్రాల బండికి ఇరుసే ప్రాణం. ఇరుసుకి ముందు బరువు ఎక్కువైతే అదంతా ఎడ్ల మెడల మీద పడుతుంది. బాగా వెనక్కి పోతే కాడి పైకి లేచి పశువు గొంతు బిగుస్తుంది. అయ్య ఈ రెంటికీ మధ్యన, ముందుకి ఒక్క పిసరు మాత్రం మొగ్గేలా సర్దేవాడు. అలా అయితే ఎడ్లు లాగడమే తప్ప మోయక్కర్లేదు. మెడ మీద పుండున్న ఎద్దు కనిపిస్తే ఆ బండివాడితో మాట్లాడేవాడు కాదు. సంతలో ఎదురుపడి పలకరించినా మొహం తిప్పుకుని పోయేవాడు. నోరులేని జీవాన్ని బాధపెట్టినవాడు అయ్య దృష్టిలో మనిషే కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మంచితనమే ఒక పొద్దుటి పూట ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. అలా జరగొచ్చని నాకు ముందే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

మొదటినుంచీ నాకు భయం ఎక్కువ. రైలు ఎక్కితే దిగాల్సిన స్టేషను దాటిపోయిందేమోనని, దిగితే వేరే ఊళ్ళో దిగానేమోనని. మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో, తలుపు గడియ వేశానా లేదా అని నేను మూడుసార్లు లేచి చూడటం చూసి, దొంగలక్కూడా ఇంత శ్రద్ధ ఉండదని వెక్కిరించింది. అలాంటివాణ్ణి డ్రైవరునెలా అయ్యానని అడిగితే చెప్పలేను. అరవైల చివర మా ఊళ్ళోకి మొదటి ట్రాక్టరు వచ్చింది. దాన్ని కొన్న ఆసామికి, నాలుగక్షరాలు వచ్చి మందు ముట్టని కుర్రాడు కావలసి వచ్చాడు. ఊరు మొత్తానికి ఆ లెక్కకి సరిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

నన్ను విజయనగరంలో ట్రాక్టర్లు అమ్మే షెడ్డుకి మూడు వారాలు పంపారు. అక్కడ ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. గేర్లు వేయడం, దున్నడం నాలుగు రోజుల్లో నేర్పేసి, మిగిలిన రోజులన్నీ తొట్టి గురించే చెప్పాడు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రైలరును మావైపు తొట్టి అనేవాళ్ళం. అదీ రెండు చక్రాలదే. ముందు భాగంలో పొడుచుకొచ్చిన ఇనప కమ్మిని ట్రాక్టరుకి పిన్నుతో తగిలిస్తారు. మేస్త్రీ దాన్ని ముక్కు అనేవాడు.

ఆయన నాకు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, ఇంజను ఎంత లాగగలదో చూసి బరువు ఎక్కించకూడదు, ఎంత ఆపగలదో చూసి ఎక్కించాలి. తొట్టికి బ్రేకులు లేవు. దాన్ని కూడా ట్రాక్టరే ఆపాలి. తొట్టి పక్కన మూడు టన్నులని రాసి ఉన్న రేకు అందం కోసం కొట్టింది కాదన్నాడు. రెండోది, ముక్కు మీద ఎప్పుడూ బరువుండాలి. ఆ బరువు ట్రాక్టరు వెనక చక్రాలను నేలకి అదిమి పట్టుకుంటుంది. తోక బరువైతే ముక్కు పైకి లేస్తుంది, ముక్కు లేస్తే ట్రాక్టరు వెనకభాగాన్ని లేపుతుంది, చక్రాలకి పట్టు పోతుంది.

"ముక్కు ఇద్దరు మనుషులెత్తినా లేవకూడదు. ఒక్కడు ఎత్తగలిగితే ఆ తొట్టి కట్టకు" అన్నాడు.

అది విన్నప్పుడే నాకు అయ్య చిటికెన వేలు గుర్తొచ్చింది.

నేను తిరిగొచ్చిన కొన్నాళ్ళకే అయ్యకి బండి పని పోయింది. ఆ ఏడాది గాలికుంటు రోగం వచ్చి మా ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. రెండోదాన్ని ఒంటరిగా చూడలేక అమ్మేశాడు. ఆసామి పంటంతా ట్రాక్టరు మీదే తోలడం మొదలుపెట్టాక ఇక కొత్త జత కొనే మాటే లేదు. అయ్య పొద్దున్నే లేచి ఖాళీ కొట్టంలో కూర్చుని, ఎందుకో తెలీకుండా పలుపుతాళ్ళు పేనేవాడు. అది చూడలేక నేనే ఆసామిని బతిమాలి, సరుకు ఎక్కించే పనికి ఆయన్ని పెట్టించాను. కొడుకు తోలుతుంటే తండ్రి మోస్తున్నాడని ఊళ్ళో నవ్వారు. అయ్య పట్టించుకోలేదు. బరువు సర్దడమంటే ఎడ్లయినా ఇంజనైనా ఒకటేనని, అందులో తనని మించినవాడు లేడని ఆయన ధీమా.

మొదట్లో ధాన్యం బస్తాలే కనక పెద్ద ప్రమాదం కనిపించలేదు. అయినా నాకు మనసు ఊరుకునేది కాదు. అయ్య చుట్ట ముట్టించుకోడానికి పక్కకి వెళ్ళగానే, వెనక వరసలోంచి రెండు బస్తాలు తీసి ముందుకి వేసేవాణ్ణి. ఆయనతో ఒక్క మాట చెబితే సరిపోయేది. పెళ్ళయి పిల్లలున్న మగాణ్ణి, తండ్రికి మాట చెప్పలేక దొంగలా బస్తాలు జరిపేవాణ్ణి. చెబితే ఏమవుతుందని? ఏమీ కాదు. కానీ ఊరంతా పొగిడిన ఆ ఒక్క విద్యనీ కన్నకొడుకే తప్పు అంటే ఆయనకి మిగిలేదేమిటని నా బాధ. అది ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే సగం పిరికితనం.

ఆ ఏడు ఎండలు ముదిరే ముందు, దుంగల వ్యాపారి ఒకాయన మా ఊరి తోటలో ముసలి పనసచెట్లు కొట్టించాడు. వాటిని బొబ్బిలి తోలాలి. వీణలు చేసేవాళ్ళు కొంటారు, మిగిలింది గుమ్మాలకి పోతుంది. మా ఊరు బొబ్బిలికి నాలుగు కోసులు. ఊరి మట్టిదారి ఒక వాగులోకి దిగి, అవతలి గట్టు ఎక్కి తారు రోడ్డులో కలుస్తుంది. వంతెన లేదు. నాకు ముందురోజునుంచే అన్నం సహించలేదు. ధాన్యమైతే బస్తాలు లెక్కపెట్టి ఎన్ని టన్నులో చెప్పొచ్చు. పచ్చి పనసదుంగ ఎంత బరువుంటుందో దాన్ని కొట్టినవాడికీ తెలీదు.

వ్యాపారి ఏడు దుంగలు ఎక్కించమన్నాడు. టైరు బలంగా లేదని అబద్ధమాడి ఆరుకి ఒప్పించాను. అబద్ధాలాడటానికి నాకెప్పుడూ ధైర్యం తక్కువ కాలేదు.

పదిమంది మనుషులు వాసాలు వేసి దుంగల్ని దొర్లిస్తుంటే అయ్య తలపాగా బిగించి నిలబడి పురమాయించాడు. దుంగకి మొదలు లావు, బరువు. కొస సన్నం. బండి మీదైతే మొదలు వెనక్కి వేస్తారు, కాడి తేలిగ్గా ఉండాలని. అయ్య ఇక్కడా అదే చేయించాడు. ఆరు మొదళ్ళూ తొట్టి వెనక్కి, రెండు మూరలు బయటికి వచ్చేలా. తాళ్ళతో బిగించి, అటూ ఇటూ తిరిగి చూసి, ముక్కు దగ్గరికొచ్చి వంగి ఒక్క చేత్తో పైకి లేపాడు. లేచింది. అంతమంది లోడెత్తిన మనుషులూ అబ్బురంగా చూశారు. అయ్య మొహంలో నవ్వు వచ్చింది. ఎద్దు పోయాక ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి.

ఒక్కడు ఎత్తగలిగితే కట్టకు. మేస్త్రీ మాట చెవిలో మోగుతూనే ఉంది. దుంగల్ని కొంచెం ముందుకి జరుపుదామా అని మెల్లిగా అడిగాను. అయ్య నవ్వుతూనే, ఇది నీకు తెలిసే పని కాదు, నువ్వు పోయి తోలుకో అన్నట్టు చెయ్యి ఊపాడు. వ్యాపారి పొద్దెక్కిపోతోందని తొందరపెట్టాడు. నేను తొట్టి కట్టాను.

పిన్ను వేస్తున్నప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాగు దాకా నేల చదునే కదా, అక్కడికి వెళ్ళాక ఏదో ఒకటి చూద్దాం అని. అయ్యని మాత్రం తొట్టిలో ముందువైపు, దుంగల కొసల మీద కూర్చోమన్నాను. ఆయన ఒంటి బరువుతో ముక్కు కొంచెమైనా దిగుతుందని నా ఆశ. మూడు టన్నుల కలపకి ఒక బక్క మనిషి ఎదురు బరువు. నా భయానికి తగ్గ తెలివి అంత.

దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. గతుకు పడినప్పుడల్లా ముక్కు ఎగిరి పిన్ను కటకటమనేది. తొట్టి తోక కుడికీ ఎడమకీ ఊగేది. అది ఊగినప్పుడల్లా స్టీరింగు నా చేతుల్లో తేలిపోయినట్టుండేది. అయ్య మాత్రం హాయిగా చుట్ట కాలుస్తూ, దారిలో పొలాల్లో కనిపించినవాళ్ళని పలకరిస్తూ కూర్చున్నాడు. ఆగి చెప్పేద్దామని మూడుసార్లు అనుకున్నాను. చింతచెట్లు దాటాక అనుకున్నాను. కళ్ళం దాటాక అనుకున్నాను. వాగు వచ్చేసింది.

దిగువకి మొదటి గేరులో, ఊపిరి బిగబట్టి దింపాను. తొట్టి వెనకనుంచి తోసింది కానీ ఆగింది. వాగులో నీళ్ళు పాదాల లోతు. అవతలి గట్టు మొదలైంది. సగం ఎక్కేసరికి ఇంజను మోత మారింది. బరువు మోస్తున్న మోత కాదు, ఏ బరువూ లేనట్టు రయ్యిమనే మోత. వెనక్కి చూస్తే పెద్ద చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. మట్టి ఎగురుతోంది. ట్రాక్టరు ముందుకి పోవడం లేదు. తర్వాత మెల్లిగా వెనక్కి జారడం మొదలైంది.

కుడి ఎడమ బ్రేకులు రెండూ కలిపి తొక్కాను. చక్రాలు ఆగాయి. బండి ఆగలేదు.

అయ్య దూకాడు. దూకి తప్పుకుంటాడనుకున్నాను. ఎడ్లబండి గట్టు ఎక్కలేక వెనక్కి జారితే బండివాడు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. రాయి తీసుకుని తొట్టి చక్రం వెనక్కి పరిగెత్తాడు. బండికైతే అది సరే. ఇక్కడ జారుతున్నది ట్రాక్టరూ ఆరు దుంగలూ. తొట్టి ముందు చెక్క అడ్డమొచ్చి నాకు ఆయన కనపడలేదు. వద్దు అయ్యా అని అరిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

చక్రం దేనిమీదో ఎక్కినట్టు తొట్టి ఒక పక్కకి ఒరిగింది. వెనక ధడేలుమని శబ్దమైంది. ఆగింది. ఇంజను కొట్టుకుని ఆరిపోయింది.

"అయ్యా" అని పిలిచాను. జవాబు లేదు.

దిగి చూడాలి. కానీ కాలు బ్రేకు మీదనుంచి తీస్తే మళ్ళీ జారుతుందేమో. జారితే వెనక ఆయన ఉన్నాడు. ఉన్నాడో లేడో. చక్రం ఎక్కింది రాయి మీదో మరి దేని మీదో. మళ్ళీ పిలిచాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా జీవితంలో అంత నిడివైన నిమిషం మరొకటి రాలేదు. పొద్దున తోటలో లేచిన ముక్కు, నా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూ బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నాను.

"కాలు తియ్యకు. ఇంకో రాయి పెడతన్నాను" అని తొట్టి వెనకనుంచి వినపడింది.

నాలుగు చక్రాలకీ రాళ్ళు పెట్టాక ఆయనే దిగమన్నాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది, తలపాగా ఎక్కడో పడిపోయింది. మరేం కాలేదు. తొట్టి వెనకకి పొడుచుకొచ్చిన దుంగల మొదళ్ళు వాగు అంచులో గుచ్చుకుని పారలా దిగబడ్డాయి. ఒక రాయీ ఆ మొదళ్ళూ కలిసి ఆపాయి. ఆయన రాయి పెట్టిన చోటికీ మొదలు దిగబడ్డ చోటికీ మధ్య జానెడు కన్నా ఎక్కువ లేదు.

అయ్య ట్రాక్టరు దగ్గరికి వచ్చి నేలమీద చక్రాల గుర్తులు చూశాడు. కిందనుంచి గట్టు సగం దాకా గుర్తులు లోతుగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ పలచబడి, ఆఖర్న నేలని గీకినట్టు మాత్రమే ఉన్నాయి. వంగి ముక్కు మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. అది ట్రాక్టరుని పైకి ఎత్తిపట్టి బిగిసి ఉంది. చాలాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. పశువు ఒంటిమీద చెయ్యివేసి జ్వరం చూసేటప్పుడు అలా నిలబడేవాడు.

"ఎత్తీస్తన్నాది. ఇది ముందుకి బరువు కోరతాది గదరా" అన్నాడు.

అవునన్నాను.

"నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పుడి కాణ్ణించి?"

"ఇజీనారంలో నేర్సుకున్న కాణ్ణించి."

బస్తాలు జరిపింది నువ్వేనా అని అడిగాడు. తలూపాను. కూలీలు సరిగ్గా వేయలేదనుకుని, తాను ప్రతిసారీ వాటిని మళ్ళీ వెనక్కి వేసేవాణ్ణని చెప్పాడు. అంటే నెలల తరబడి నేను జరిపాననుకున్న బరువు ఒక్కరోజూ జరగలేదు.

అయ్య రాతి మీద కూర్చుని మోకాలి రక్తం నీళ్ళతో కడుక్కున్నాడు. నా వైపు చూడకుండానే మాట్లాడాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎంత బావుండేదో.

"మెడ నొస్తే ఎద్దు ఆగిపోతాది. తల తిప్పీసి సూస్తాది. నోరు నేకపోయినా సెప్తాది రా. నీకు నోరున్నాది. నువ్వు సెప్పనేదు."

నేను ఆయన మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నానని చెప్పాలనుకున్నాను. ఆ మాట కూడా చెప్పలేకపోయాను. చెబితే, నీ ప్రాణం కన్నా నీ పొగడ్త ఎక్కువనుకున్నాను అయ్యా అని చెప్పినట్టే అవుతుంది.

కాసేపటికి చింతపండు బస్తాలతో రెండు ఎడ్లబళ్ళు, వాటి వెనక బొబ్బిలిలో దుంగలు దించడానికి నడిచొస్తున్న వ్యాపారి మనుషులూ వచ్చారు. బండివాళ్ళు అయ్యకి తెలిసినవాళ్ళే. బళ్ళు ఆపి ఎడ్లను విప్పారు. తాళ్ళు ఊడదీసి దుంగల్ని కిందికి లాగేశాం. ఖాళీ తొట్టిని గట్టెక్కించి రోడ్డు మీద నిలబెట్టాను. ఒక్కో దుంగనీ గొలుసు వేసి రెండు జతల ఎడ్లు పైకి ఈడ్చాయి. అయ్య వాటి పక్కన నడుస్తూ, కర్ర ఎత్తకుండా, నాలుకతో అదిలిస్తూ తీసుకొచ్చాడు. పరాయి ఎడ్లు కూడా ఆయన మాట విన్నాయి.

రోడ్డు మీద మళ్ళీ ఎక్కించేటప్పుడు, మొదటి దుంగ వాసాల మీద ఉండగా అయ్య అందరినీ ఆపాడు. బండివాళ్ళు, వ్యాపారి మనుషులు, ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ నా వైపు తిరిగి, "సెప్పు" అన్నాడు.

ఆయన కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. దుంగ మోస్తున్నవాళ్ళు బరువుతో ఆయాసపడుతున్నారు. అప్పటికి గానీ నోరు విప్పలేదు నేను. మొదళ్ళు ముందుకి రావాలన్నాను. ఇరుసుకి ముందు ఎంత ఉండాలో చేత్తో చూపించాను. ముక్కు ఇద్దరెత్తినా లేవకూడదని చెప్పాను. బండివాళ్ళలో ఒకడు, మెడ విరిగిపోతుంది ఎవరైనా అలా వేస్తారా అని నవ్వాడు.

"దీనికి మెడ నేదు. ఆడు సెప్పినట్టు ఎయ్యండి" అన్నాడు అయ్య.

దుంగలన్నీ ఎక్కాయి. అయ్య ముక్కు దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో పట్టి ఎత్తి చూశాడు. కదల్లేదు. ఇంకొకణ్ణి పిలిచి ఇద్దరూ కలిసి ఎత్తారు. కదల్లేదు. ట్రాక్టరు వెనక టైర్లు కొంచెం నొక్కుకుని నేలను పట్టుకున్నాయి. అయ్య ఆ టైరుని అరచేత్తో రెండుసార్లు నిమిరాడు. దానికి మెడ లేదని అన్నవాడే ఎందుకు నిమిరాడో నేను అడగలేదు.

బొబ్బిలి దాకా మడ్‌గార్డు మీద నా పక్కనే కూర్చున్నాడు. చుట్ట కాల్చలేదు. పిన్ను ఒక్కసారి కూడా కటకటమనలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఇద్దరం ఆ ట్రాక్టరు మీదే పనిచేశాం. ఆ ఆరేళ్ళలో ఏ సరుకైనా సరే, ఎవరున్నా సరే, ఎక్కించడం మొదలుపెట్టే ముందు అయ్య ముక్కు మీద చెయ్యివేసి నా మొహంలోకి చూసి "సెప్పు" అనేవాడు. ఆయనకి అప్పటికి నాకన్నా బాగా తెలుసు, ఎక్కడ ఎంత వేయాలో. అయినా అడిగేవాడు. నేను నోరు తెరిచి చెప్పేదాకా ఒక్క బస్తా కూడా ఎత్తనిచ్చేవాడు కాదు.